డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు విననివారు చదువుకొన్న ఆంధ్రులలో అరుదు. కాని ఆయన చేసిన పని యెట్టిదని అడిగినచో, మందులు కనిపెట్టిరని చెప్పి ఊరకుండువారే యెక్కువ. ఆ మందుల వెనుకనున్న శాస్త్రము జీవరసాయనము. ఆ శాస్త్రమునకు నడిమి స్తంభము మాంసకృత్తులు. సుబ్బారావుగారు మాంసకృత్తులనే ప్రత్యేకముగ పరిశోధించినవారు కారు. అయినను ఆయన చేపట్టిన ముఖ్యమైన పనులు పెక్కులు, తుదకు మాంసకృత్తులు దేహములో చేయు పని తెలియుటకు తాళపుచెవులైనవి. ఆయన జీవించియుండగా ఈ సంగతి సగమే తెలిసెను. తక్కిన సగము ఆయన కన్నుమూసిన పిమ్మట ఇతరుల పరిశోధనలచే తేలినది.

ఆయన 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూశాఖలో చిన్న యుద్యోగి. అనారోగ్యముచే ఉద్యోగమును ముందుగనే విడిచిరి. తల్లి వెంకమ్మగారు. సంసారము పెద్దది, రాబడి చిన్నది. బాలుడు పదమూడేండ్ల ప్రాయమున, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనవంతుడు కావలెనని ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి వెనుకకు రప్పించి బడిలో కూర్చుండబెట్టెనని చరిత్రకారులు వ్రాసిరి. ఆ తల్లి పట్టుదలయే లేకున్నచో ఈ చరిత్రయు లేదు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలనుండి కృతార్థులైరి. ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న దినములలో రామకృష్ణ మఠమున జేరి సన్న్యసింపవలెనని కోరిరి. తల్లి అంగీకరింపలేదు. ఆ కోరిక వైద్యవిద్యవైపు మరలెను.

మద్రాసు వైద్యకళాశాలలో చదువుచుండగా గాంధీమహాత్ముని పిలుపునాలకించి ఖద్దరు ధరింపసాగిరి. శస్త్రచికిత్స గదిలోనికి సైతము ఖద్దరు అంగీతోనే పోవుట ఆచార్యునకు కంటగింపయ్యెను. వ్రాతపరీక్షలలో ఆయన బాగుగనే వ్రాసినను, తుదకు లభించినది యెం. బి. బి. యస్. కాదు, దానికంటె తక్కువదగు యెల్. యం. యస్. పట్టము. ఖద్దరుచొక్కా వెల అంతయయ్యెను. అందుకు విచారించి బట్ట మార్చినవారు మాత్రము కారు.

1919లో శేషగిరిగారితో వివాహమయ్యెను. మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు అనపర్తి వాస్తవ్యులు. అల్లుని చదువునకు తోడ్పడినవారు. ఇంతలో ఇంట పెద్ద దుఃఖము వచ్చిపడెను. స్ప్రూ అను గ్రహణివ్యాధిచే ఇరువురు సోదరులు కొద్ది దినముల వ్యవధిలో మరణించిరి. ఆ రోగమున తిన్నది ఒంటబట్టదు. విరేచనములు, నోటిపూత, రక్తహీనత కలసి మనిషిని ఎండగట్టును. సుబ్బారావుగారు తామును ఆ వ్యాధి వాతబడి, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనిరి. తరువాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే కొంతకాలము శరీరశాస్త్రమును బోధించిరి. ఆంగ్లవైద్యము చదివినవాడు తన సోదరులకు పేరు చెప్పగలిగెను గాని మందు చెప్పలేకపోయెను. ఈ బాధయే ఆయనను సముద్రము దాటించెనని చెప్పినచో తప్పుగాదు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకర్ ధర్మసంస్థ సహాయమును, మామగారు కూర్చిన ధనమును తీసికొని 1920 తరువాతి తొలి సంవత్సరములలో ఆయన అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధుల శాస్త్రము చదివి డిప్లొమా పొందిరి. వైద్యవృత్తికి అచ్చట ఆయన పట్టము చాలలేదు. పగలు చదువు, రాత్రి ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచు కూలిపని. స్వదేశమున వైద్యుడనిపించుకొన్నవారు పరదేశమున ఆ పనికి సిగ్గుపడలేదు. శేషగిరిగారు ఆనాడు గర్భవతి. పుట్టిన మగశిశువు ఏడాదియైన నిండకయే మరణించెను. తండ్రి ఆ బిడ్డను చూడలేదు.

అటుపిమ్మట జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కీ అను ఆచార్యుని వద్ద పరిశోధన ఆరంభించిరి. ఆ పరిశోధన తెలియుటకు మాంసకృత్తులనుగూర్చి కొంత తెలిసికొనవలెను.

పేరునుబట్టి ఇవి మాంసమునందు మాత్రమే యుండునని తలచుట పొరపాటు. కందిపప్పులోను, పాలలోను, కోడిగ్రుడ్డు తెల్లసొనలోను, వెండ్రుకలోను, గోటిలోను, నెత్తురులోను ఉన్నవి యివియే. కర్బనము, ఉదజని, ఆమ్లజని, నత్రజని వీనికి ముఖ్య ధాతువులు. పెక్కింటియందు గంధకము గూడ గలదు. తూకమున నూటికి సుమారు 16 పాళ్ళు నత్రజని యుండుట వీని గుర్తు. బియ్యపుపిండియందలి పిష్టమునకును నేతికిని ఆ నత్రజని లేదు. అందువలన పిష్టమెంత తిన్నను, నెయ్యి యెంత పోసికొన్నను, అవి పప్పుచేయు పనిని చేయజాలవు.

మాంసకృత్తులను ఆమ్లములో ఉడికించినచో అమైనో ఆమ్లములను చిన్న యణువులుగా విడిపోవును. దేహములోని మాంసకృత్తులను కూర్చునట్టివి ఇరువది రకములు. ప్రతిదానికిని నడుమ ఒక కర్బన పరమాణువు. ఒక ప్రక్క నత్రజనితోగూడిన అమైనో సమూహము. రెండవ ప్రక్క ఆమ్లసమూహము. మూడవ ప్రక్క ఉదజని. నాలుగవ ప్రక్క ఒక్కొక్క దానికి ఒక్కొక్క తీరుననుండు తోక. ఈ తోకలోనే భేదమంతయు. కొన్ని తోకలు నీటిని కోరును, కొన్ని నీటికి జంకును, కొన్నింట గంధకముండును. ఒకదాని ఆమ్లసమూహము వేరొకదాని అమైనో సమూహముతో కూడునప్పుడు ఒక నీటి యణువు వెలువడి రెండును అతుకుకొనును. ఆ యతుకునకు పెప్టైడు బంధమని పేరు. జర్మనీలో ఎమిల్ ఫిషర్, ఫ్రాంజ్ హాఫ్‌మైస్టర్ అను నిరువురు 1902లో వేర్వేరుగ ఈ సంగతిని ప్రతిపాదించిరి. ఇట్లు వందలకొలది ఆమ్లములు వరుసగ గ్రుచ్చుకొని దండయగును. దండ దండగనే యుండదు. నీటికి జంకు తోకలు లోపలికి, నీటిని కోరు తోకలు వెలుపలికి తిరుగునట్లు ముడుచుకొని, ఒక్కొక్క మాంసకృత్తు తనకు తగిన ఒక రూపమును దాల్చును. ఆ రూపమే దాని పని. గ్రుడ్డును ఉడికించినప్పుడు తెల్లసొన గట్టిపడుట ఈ ముడుపు చెడుటయే. దండ తెగదు, మడత మాత్రము విడిపోవును. ఉడికిన గ్రుడ్డు మరల పచ్చిదికాదు.

సుబ్బారావుగారు బోస్టనులో పని మొదలిడునాటికి ఇందులో పెక్కు సంగతులు వివాదగ్రస్తములు. దేహమున రసాయనకార్యములను నడపు ఎంజైములు మాంసకృత్తులే యని 1926లో జేమ్స్ సమ్నర్ యూరియేజు స్ఫటికములను చూపినను, పెద్దలు పలువురు నమ్మలేదు.

ఫిస్కీ, సుబ్బారావుగార్లు తలపెట్టినది మాంసకృత్తులు కాదు, భాస్వరము. రక్తములోను కండలోను భాస్వరమెంత యున్నదో కొలుచుటకు నాడు చక్కని పద్ధతి లేదు. మొదటి అడ్డంకి మాంసకృత్తులే. వానిని ముందుగ తొలగింపవలెను. ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లము కలిపినచో, పాలు విరిగినట్లు మాంసకృత్తులు విరిగి అడుగున పడును. వడకట్టగా మిగిలిన తేటలో మాలిబ్డేటు అను లవణమును, దానిని క్షయింపజేయు వేరొక ద్రవ్యమును కలిపినచో నీలిరంగు పుట్టును. రంగు ఎంత చిక్కనయో భాస్వరమంత యెక్కువ. 1925లో ప్రకటింపబడిన ఈ పద్ధతి ఫిస్కీ–సుబ్బారావు పద్ధతియను పేర లోకమంతట వైద్యవిద్యార్థులకు పాఠమయ్యెను. ఒక తెలుగువాని పేరు ఇంతమంది ప్రయోగశాలలలో దినదినము పలికిన సందర్భము వేరొకటి దొరకుట కష్టము.

పద్ధతికంటె దానిచే బయటపడిన చిక్కు గొప్పది. రక్తపు తేటలో నీలిరంగు వెంటనే వచ్చి నిలుకడగ నుండెను. కండనుండి తీసిన తేటలో మాత్రము రంగు ఒకేమారు రాలేదు. నిమిషములు గడచినకొలది మెల్లమెల్లగ చిక్కబడుచుండెను. తొందరగల పరిశోధకుడు దీనిని కొలతలోని దోషమని త్రోసివేసెడివాడే. వీరు త్రోసివేయలేదు. భాస్వరము ఏదో ఒక మెత్తని బంధమున చిక్కుకొనియుండి, ఆమ్లము తగులగా కొంచెము కొంచెముగ విడివడుచున్నదని ఊహించి, ఆ పదార్థమును వేరుచేసిరి. అది క్రియేటిన్ అను నత్రజని పదార్థముతో భాస్వరామ్లము కూడిన ఫాస్ఫోక్రియేటిన్. 1927లో దీనిని ప్రకటించిరి. ఆ సంవత్సరమే ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును అట్టి పదార్థమునే కండలో గుర్తించిరి. కండ అలసినప్పుడు అది తగ్గును. విశ్రమించినప్పుడు మరల పెరుగును.

ఇది ఆనాటి సిద్ధాంతమునకు గొడ్డలిపెట్టు. కండ ముడుచుకొనుటకు కారణము లాక్టికామ్లమని చెప్పిన హిల్, మేయర్‌హాఫ్ పండితులకు 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము లభించియుండెను. 1930లో డెన్మార్కు పండితుడు లుండ్స్‌గార్డ్, లాక్టికామ్లము పుట్టకుండునట్లు చేసిన కండయు ముడుచుకొనుననియు, అప్పుడు ఫాస్ఫోక్రియేటిన్ తరుగుననియు చూపగా పాత సిద్ధాంతము కూలెను. అంతకు ముందే 1929లో ఫిస్కీ, సుబ్బారావుగార్లు కండనుండి మరియొక పదార్థమును తీసిరి. మూడు భాస్వరామ్లములు ఒకదాని వెంట ఒకటి తగిలియున్న అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అది, క్లుప్తముగ ఏ. టి. పి. ఆ యేడే జర్మనీలో కార్ల్ లోమన్ గూడ దీనిని కనుగొనెను. కీర్తిలో పెద్దపాలు లోమన్‌కే పోయెను. రెండు చోట్ల రెండు జట్లు స్వతంత్రముగ కనుగొన్నదానికి ఒక్కరినే తలచుకొనుట న్యాయముకాదు.

ఈ పదార్థము దేనికి? జవాబు మాంసకృత్తులయందున్నది. 1939లో మాస్కోలో ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా అను దంపతులు, కండలోని ప్రధాన మాంసకృత్తగు మయోసిన్ తానే ఏ. టి. పి.ని విడగొట్టుచున్నదని కనుగొనిరి. వెనువెంటనే హంగరీలో సెంట్‌జార్జీ శిష్యులు మయోసిన్, ఆక్టిన్ అను రెండు మాంసకృత్తులతో దారములు చేసి, ఏ. టి. పి. తగులగానే అవి కురుచగుటను కన్నులార చూచిరి. చెయ్యి యెత్తుట, అడుగు వేయుట, గుండె కొట్టుకొనుట ఈ మాంసకృత్తుల కదలికలే. ఏ. టి. పి.లోని ఒక భాస్వరము ఊడునప్పుడు వెలువడు శక్తి వానిని కదలించును. ఫాస్ఫోక్రియేటిన్ తన భాస్వరమునిచ్చి ఏ. టి. పి.ని మరల పూర్ణము చేయును. ప్రాణము పోయిన దేహము కొన్ని గంటలకు కొయ్యబారుటకు హేతువు గూడ ఇదియే: ఏ. టి. పి. అడుగంటగా రెండు మాంసకృత్తులును ఒకదానినొకటి విడువజాలక బిగిసిపోవును.

మరియొక విశేషము 1950 తరువాత తేలినది. బోస్టను నగరమునందే పాల్ జమెక్నిక్, మాలన్ హోగ్లండ్ ప్రభృతులు, అమైనో ఆమ్లము దండలో చేరుటకు ముందుగ ఏ. టి. పి. వెల చెల్లింపవలెనని చూపిరి. పెప్టైడు బంధము ఉచితముగ కుదరదు. సుబ్బారావుగారు వడకట్టి ప్రక్కకు పెట్టిన మాంసకృత్తులును, తేటలో వెదకిన భాస్వరమును ఇట్లొకచోట కలిసెను. ఈ వార్త వినుటకు ఆయన లేరు.

1930లో ఆయనకు హార్వర్డు డాక్టరు పట్టము వచ్చెను. స్థిరమైన ఆచార్యపదవి మాత్రము రాలేదు. ఆ దశాబ్దమంతయు కాలేయపు సారములతో గడచెను. పాండురోగమునకు కాలేయము మందని తెలిసినవారికి, కాలేయములోని ఏ ద్రవ్యము మందో తెలియదు. దానికై ఆయన శ్రమించి విటమినులను పలువిధముల వేరుచేసిరి. 1940లో హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్‌రివర్ వద్దనున్న లెడర్లీ ఔషధశాలలో చేరి, అచ్చట పరిశోధనకు అధ్యక్షులైరి. చేతినిండ ధనము, వందలకొలది సహాయకులు, అడుగడుగున తొందర.

అచ్చటి పనులలో మొదట చెప్పదగినది ఫోలిక్ ఆమ్లము. 1931లో బొంబాయియందు లూసీ విల్స్ అను వైద్యురాలు, రక్తహీనులగు గర్భిణీకార్మికులకు ఈస్టుసారమునిచ్చి బాగుచేసెను. ఈస్టులో ఏదో యున్నదని ఆమె తెలిసికొనెను. అది యేదో తెలియలేదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూరనుండి అట్టి ద్రవ్యమునే తీసి, ఆకుననుసరించి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. మణుగులకొలది ఆకునుండి దొరకునది చిటికెడైన కాదు. సుబ్బారావుగారి బృందము దాని నిర్మాణమును విప్పి, 1945లో ప్రయోగశాలయందే దానిని తయారుచేసెను. అణువునందు మూడు తునకలు: టెరిన్ అను వలయము, పారా అమైనో బెంజోయికామ్లము, తోకగ గ్లుటామికామ్లము. ఈ గ్లుటామికామ్లము మాంసకృత్తులను కూర్చు ఇరువదింటిలో ఒకటి. కందిపప్పునందును గోధుమయందును పుష్కలముగ నున్నది. ఈ ఫలితమును ప్రకటించిన వ్యాసమున సుబ్బారావుగారి పేరు అనేకుల పేర్ల నడుమ ఒకటిగ నుండెను. నాయకుడు వెనుక నిలిచి సహచరులను ముందు నిలుపుట ఆయన యలవాటు.

టామ్ స్పీస్ అను వైద్యుడు ఆ కొత్త ద్రవ్యమును రోగులకిచ్చి చూచెను. రక్తహీనత తగ్గెను. స్ప్రూ వ్యాధిగ్రస్తులు తేరుకొనిరి. భీమవరపు ఇంట సోదరులిద్దరిని పొట్టబెట్టుకొన్న వ్యాధి యదియే. ఇరువదియైదేండ్లకు, పదివేల మైళ్ళ దూరమున, మందు దొరికెను.

వెంటనే ఆయన దృష్టి దానికి వ్యతిరేకమైన పనిపై నిలిచెను. ఫోలిక్ ఆమ్లము కణములను వృద్ధిపొందించునదైనచో, దానిని పోలియు దాని పనిచేయని నకిలీయొకటి, అదుపుతప్పి పెరుగు కణములను ఆపవలెను గదా. బోస్టను నగరపు శిశువైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తకణముల క్యాన్సరుతో చనిపోవుచున్న పిల్లలకై అట్టి ద్రవ్యమును కోరుచుండెను. లెడర్లీవారు ఫోలిక్ ఆమ్లపు వలయమున ఒక్కచోట ఆమ్లజనికి బదులు అమైనో సమూహమును నిలిపి అమైనోప్టెరిన్ అను ద్రవ్యమును చేసి పంపిరి. పదునారుగురు పిల్లలలో పదిమందికి వ్యాధి కొంతకాలము వెనుకకు తగ్గెను. అది శాశ్వతమైన నివారణ కాదు. వ్యాధి మరల వచ్చెను. అయినను అంతవరకు ఏ మందునకును లొంగని రోగము, రసాయన ద్రవ్యమునకు లొంగుట వైద్యులు చూచిరి. ఫార్బర్ వ్యాసము 1948 జూన్ నెలలో వెలువడెను. దీని సోదర ద్రవ్యమగు మెథోట్రెక్సేటు నేటికిని క్యాన్సరునకును కీళ్ళవాతమునకును వాడబడుచున్నది.

ఆ నకిలీ ఎచ్చట పనిచేసెను? మరల మాంసకృత్తే. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజు అను ఎంజైము ఫోలిక్ ఆమ్లమును కణమునకు పనికివచ్చు రూపమునకు మార్చును. దాని ముడుపులలో ఒక గుంట గలదు. ఫోలిక్ ఆమ్లము అందు కూర్చుండి, మారి, లేచిపోవును. నకిలీ ద్రవ్యము కూర్చున్నచో లేవదు. 1977లో ఒక సూక్ష్మజీవినుండి తీసిన ఆ ఎంజైముయొక్క స్ఫటికములపై ఎక్స్‌కిరణములు ప్రసరింపజేసి, 159 అమైనో ఆమ్లముల ఆ దండ ముడుచుకొన్న తీరును, గుంటలో మెథోట్రెక్సేటు ఒదిగియున్న తీరును చిత్రించిరి. అట్టి చిత్రములకు దారి 1951లో లైనస్ పాలింగ్ చూపిన సర్పిలరూపము, 1954లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా చూపిన కొల్లాజను మూడుపేటల త్రాడు మున్నగువానిచే ఏర్పడినది. యెల్. యం. యస్. పట్టముతో సుబ్బారావుగారిని సాగనంపిన ఆ మద్రాసే మాంసకృత్తుల రూపశాస్త్రమున లోకమునకు పాఠము చెప్పుట గమనింపదగినది.

తక్కిన పనులను క్లుప్తముగ చెప్పవలెను. బోదకాలు వ్యాధికి డైఎథిల్‌కార్బమజైన్ 1947లో ఆయన విభాగమునుండియే వెలువడెను. ఆరియోమైసిన్ అను సూక్ష్మజీవినాశకమును బెంజమిన్ డగ్గర్ కనుగొన్నదియు ఆయన అధ్యక్షతనే. ఒక్కొక్కటి ఒక్కొక్కరి జీవితమునకు చాలిన పని.

స్వదేశమునకు ఆయన మరల రాలేదు. శేషగిరిగారిని మరల చూడలేదు. పని ముగిసిన పిమ్మట పోవుదమని తలచుచుండగా పని ముగియనేలేదు. శాస్త్రపత్రికలయందు ఆమె పేరు లేదు; ఆయన కీర్తికి ఆమె చెల్లించిన వెలను లెక్కగట్టినవారును లేరు. ఆయన అమెరికా పౌరసత్వమును గూడ స్వీకరింపలేదు. 1948 ఆగస్టు 9వ తేదీ ఉదయమున ఆయన తమ గదిలో నిద్రలోనే గుండె ఆగి మరణించినట్లు కనుగొనబడెను. వయస్సు 53 సంవత్సరములు. ఫార్బర్ వ్యాసము వెలువడి రెండు నెలలైన చక్కగ నిండియుండును. 1953లో ఒక బూజుజాతికి ఆయన పేరుమీద సుబ్బరోమైసిస్ అని నామకరణము జరిగెను. 1995లో, శతజయంతి సందర్భమున, భారత తపాలాశాఖవారు ఆయన తపాలాబిళ్ళను వెలువరించిరి.

జవహర్‌నగరమునకు ఉత్తరమున, శామీర్‌పేట ప్రాంతమందలి జీనోమ్ వ్యాలీలో నేడు టీకాలను, ఔషధములను చేయు కార్ఖానాలు వరుసగ నున్నవి. మేడ్చలున శాంతా బయోటెక్నిక్సు సంస్థవారు 1997లో విడుదల చేసిన కామెర్ల టీకా స్వయముగ ఒక మాంసకృత్తు. 226 అమైనో ఆమ్లముల దండ అది, ఈస్టుకణములచే తయారుచేయింపబడినది. ఆ ఈస్టుకణములు దండలోని ప్రతి పూసను గ్రుచ్చుటకును సుబ్బారావుగారు 1929లో వెల్లడించిన ఏ. టి. పి.నే వెచ్చించును. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున గర్భిణీస్త్రీలకు దినమునకొకటి చొప్పున నిచ్చు ఎర్రని బిళ్ళలో 60 మిల్లీగ్రాముల ఇనుముతోపాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము గలదు.